వెనక నుంచి పిలవకూడదు

పోయిన నెలలో ఒక శనివారం పొద్దున, మా పై అంతస్తులో ఉండే స్వప్న వచ్చి ఒక సాయం అడిగింది. వాళ్లబ్బాయి నిహాల్‌కి తొమ్మిదేళ్లు. ఏదైనా నేర్చుకోవడానికి వాడికి తోటిపిల్లల కంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. అందుకని వారానికి రెండుసార్లు ఒక అమ్మాయి ఇంటికొచ్చి, వాడొక్కడినే కూర్చోబెట్టుకుని చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, లిఫ్ట్ ఎక్కడం, ఫోనెత్తి మాట్లాడటం లాంటివి నేర్పుతుంది. దాన్నిప్పుడు లైఫ్ స్కిల్స్ కోచింగ్ అంటున్నారు. "ఆంటీ, జర ఆ గంటసేపు మీరు వచ్చి మా హాల్లో కూర్చుంటారా? ఊరికే పేపర్ చదువుతున్నట్టు. నాకా అమ్మాయి మీద డౌట్‌గా ఉంది. షూ లేస్ కట్టించడానికి నెల రోజులా? కెమెరా పెట్టినం గానీ మీటింగుల మధ్యన చూడనీకి కుదురుతలేదు" అంది. ఇంకొకరైతే మొహమాటపడేవారేమో. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక వంటింట్లోకి పోయి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను. ఒక పిల్లకి పని నేర్పడానికి వచ్చిన మనిషిని వారగా కూర్చుని కనిపెట్టడం నాకు కొత్త కాదు. ఆ పని నేను ఇరవై ఒకటో ఏట చేశాను, చాలా శ్రద్ధగా చేశాను.

అప్పుడు మేం ఖాజాగూడలో ఉండేవాళ్లం. అనంతపురం నుంచి నాయన మమ్మల్నందరినీ లారీలో సామాన్లతో పాటు తీసుకొచ్చి, గుట్టల పక్కన మూడు గదుల ఇంట్లో కిరాయికి పెట్టాడు. మాదాపూర్ వైపు గుండ్రటి పెద్ద భవనం ఒకటి లేచిందని, దాని చుట్టూ ఇంకా ఎన్నో లేస్తాయని, కంకర తోలేవాళ్లకు చేతినిండా పని అని ఆయనకు ఎవరో చెప్పారు. చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు. పొద్దున్నించీ బండలు పేల్చడమే. పేల్చే ముందు ఒక ఈల వినబడేది, ఈల వినగానే మా అవ్వ సంగటి కుండ మీద మూత పెట్టేది. అయినా ఆ ఇంట్లో ఏం తిన్నా పళ్ల కింద సన్నటి ఇసుక తగిలేది. ఇంటి వాసన అంటే నాకిప్పటికీ గుర్తొచ్చేది రాగి సంగటి, వేయించిన చెనిక్కాయలు, వాటి మీద పలచగా పరుచుకున్న బండల దుమ్ము. నేను అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసేదాన్ని. బస్సులో పక్క సీటువాళ్లంతా రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఏమైపోతాయో, దానివల్ల మనకెన్ని ఉద్యోగాలొస్తాయో మాట్లాడుకునేవారు. నాకు వాళ్ల మాటల మీదా నమ్మకం ఉండేది కాదు. మా ఇంట్లో అందరికీ పుట్టుకతో వచ్చిన గుణం అది. కొత్త ఊరు దానికి ఎరువు వేసింది. పాలవాడు నీళ్లు కలుపుతాడు, ఇంటి ఓనరు మీటరు తిప్పుతాడు, పక్కింటివాళ్లు నవ్వారంటే మనల్ని చూసే నవ్వారు. అవ్వ వక్కాకు నములుతూ అరుగు మీద కూర్చుని దారిన పోయే ప్రతి మనిషికీ ఒక నేరం అంటగట్టేది.

నా చెల్లెలు దేవికి అప్పుడు పన్నెండేళ్లు. ఆమెకు మాటలు ఆలస్యంగా వచ్చాయి, లెక్కలు రానేలేదు. రెండేళ్లు ఒక బడికి, ఆరు నెలలు ఇంకొక బడికి పోయి ఇంట్లో కూర్చుంది. స్నానం అవ్వ చేయించేది, జడ అమ్మ వేసేది, అన్నం కలిపి ముద్దలు నేను పెట్టేదాన్ని. అదంతా ప్రేమ అనుకునేవాళ్లం. అందులో సగం తొందర. ఆమె చేస్తే అరగంట పట్టేది, మేం చేస్తే ఐదు నిమిషాలు. దేవికి ఒక విచిత్రమైన శక్తి ఉండేది. ఏదైనా ఒకటి "ఇట్ల చెయ్యాల" అని నాలుగైదుసార్లు చెప్తే ఇంక అది జన్మలో మరిచిపోదు, తప్పదు. చెప్పులు గడపకు కుడిపక్కన విడవాలని అవ్వ చెప్పింది కాబట్టి, కుడిపక్క కుక్క పడుకుని ఉంటే ఆ కుక్క లేచేదాకా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడేది. అప్పుడప్పుడూ సడలించుకోవచ్చని మనకు తెలిసే సంగతి ఆమెకు తెలియదు.

అవ్వకు ఉన్న అన్ని పట్టింపుల్లోకీ గట్టిది ఒకటుంది. గడప దాటి బయల్దేరినవాళ్లను వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే పోయే పని చెడిపోతుంది. ఒకవేళ ఎవరైనా మతిమరుపుతో పిలిస్తే, పోయేవాళ్లు ఎక్కడున్నా ఆగి, వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, రెండు గుక్కల నీళ్లు తాగి, అప్పుడు మళ్లీ బయల్దేరాలి. నాయన లారీ స్టార్ట్ చేశాక కూడా ఈ కారణంతో దిగి వచ్చి కూర్చున్న రోజులున్నాయి. మేం నవ్వుకుంటూ పాటించేవాళ్లం, బస్సు తప్పేట్టుంటే ఎగ్గొట్టేవాళ్లం. దేవి మాత్రం ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు. ఆమె పెరట్లోకి పోతున్నప్పుడు పిలిచినా సరే, వెనక్కి వచ్చి నేల మీద మఠం వేసుకుని "నీళ్లు" అనేది.

ఎస్తేరు టీచర్‌ని మా ఇంటికి తెచ్చింది అమ్మ. దవాఖానలో ఒక నర్సు చెప్పిందట, ఇట్లాంటి పిల్లలకు ఒక్కొక్కరికే విడిగా పనులు నేర్పే మనిషి ఒకామె ఉందని. నలభై ఏళ్లుంటాయి, గుంటూరు వైపు మనిషి, సన్నంగా పొడుగ్గా ఉండేది. ఎండలో శేరిలింగంపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. వచ్చిన మొదటి రోజు అవ్వను "మామ్మగారూ, బావున్నారాండీ" అని పలకరించింది. "మామ్మేంది? అవ్వ అను" అంది అవ్వ. ఆ క్షణంలోనే ఆమె మీద విచారణ మొదలైపోయింది. నుదుట బొట్టు లేదు, మెళ్లో నల్లపూసలు లేవు. "ఆయమ్మ బిడ్డకు పని నేర్పను రాలేదు. మనల్ని గుడి మానిపిచ్చి చర్చికి తోలుకపోను వచ్చినాది" అని అవ్వ తేల్చింది. రెండో రోజు టీచర్ దేవి చేత దేవి తిన్న కంచం కడిగించేసరికి అవ్వకు రెండో అనుమానం దొరికింది. "చూసినావా సరళా, మన బిడ్డ చేత మనింట్లోనే అంట్లు తోమిస్తాంది. రేపు ఎవురింట్లోనో పనికి పెడతాది" అంది నాతో. అమ్మ మాత్రం టీచర్ వచ్చే వేళకు మంచినీళ్లు తెచ్చి పెట్టి వంటింట్లోకి పోయేది.

నన్ను కాపలా పెట్టింది అవ్వే అయినా, నాకు చెప్పాల్సిన పని లేకపోయింది. నేను ముందు గదిలో కోర్సు పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు టీచర్ దేవిని తీసుకుని పెరట్లోకి పోయినప్పుడు ఆమె చేతిసంచి వెతికాను. బైబిల్ దొరుకుతుందని నా నమ్మకం. సంచిలో పెద్ద బొత్తాలు కుట్టిన ఒక గుడ్డముక్క, లేసు ఉన్న పాత బూటు ఒక్కటే, తాళంకప్ప, బస్సు బోర్డు బొమ్మ గీసిన అట్టలు, పెరుగన్నం టిఫిన్ డబ్బా ఉన్నాయి. బైబిల్ లేదు. దాంతో నా అనుమానం తీరాలి కదా. తీరలేదు. మేం వెతుకుతామని ముందే తెలిసి దాచిపెట్టి వస్తోంది, అంత టక్కరి అనుకున్నాను. అవ్వకు చెప్తే "అదే నేనూ అనుకునింది" అంది. దొంగకు తోడు దొంగ అన్నట్టు ఉండేవాళ్లం ఇద్దరం. ఆ సంచిని అంతకు ముందున్నట్టే పెట్టానని అనుకున్నాను గానీ, మర్నాడు టీచర్ వస్తూనే సంచి తెచ్చి నా ముందు బల్ల మీద నోరు తెరిచి పెట్టి పెరట్లోకి వెళ్లింది.

మూడు నెలలు గడిచేసరికి దేవి తలుపు గొళ్లెం తీయడం, వేయడం నేర్చుకుంది. లంగా నాడా తనే కట్టుకునేది. తన స్నానం తనే చేసేది, వీపు మీద సబ్బు అట్లాగే ఉండిపోయేది. ఒక సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి టీ కాచి తెచ్చింది. చక్కెర బదులు ఉప్పు వేయలేదు, చేయి కాల్చుకోలేదు, గ్లాసు నిండా పోయలేదు. ఇంటిల్లిపాదీ సంతోషించాల్సిన రోజు. నాకు మాత్రం ఏదో పోయినట్టనిపించింది. అంతకు ముందు నేను వచ్చేదాకా దేవి గేటు దగ్గరే నిలబడేది, నేను అన్నం పెడితేనే తినేది. ఇప్పుడు నేను వచ్చినా రాకపోయినా ఆమెకు ఆకలి వేస్తే తింటోంది. నాకు అసూయ కలిగింది. అప్పట్లో ఆ మాట ఒప్పుకునేదాన్ని కాదు. ఈ మనిషి నా చెల్లెల్ని నా చేతిలోంచి ఊడబెరుకుతోంది, దీని వెనక ఏదో ఉంది, అని దానికి అనుమానమని పేరు పెట్టుకున్నాను.

ఆ తర్వాత రోడ్డు పాఠం మొదలైంది. మా సందు చివర పెద్ద రోడ్డు, ఆ రోడ్డుకు అవతల యాదమ్మ దుకాణం. దేవి ఒక్కతే పోయి ఉప్పు ప్యాకెట్ తేవాలి, అదీ టీచర్ పెట్టుకున్న గురి. అది మామూలు రోడ్డు కాదు, రోజంతా కంకర టిప్పర్లు తిరిగే రోడ్డు. మొదట చేయి పట్టుకుని దాటించింది. తర్వాత పక్కన నడిచింది. తర్వాత పది అడుగుల వెనక. కుడిపక్క చూడు, ఎడమపక్క చూడు, మళ్లీ కుడిపక్క చూడు, బండి లేకపోతే ఆగకుండా నడువు. వందసార్లు, రెండువందలసార్లు. ఒకరోజు దేవి సందులోకి అడుగుపెట్టగానే అవ్వ అరుగు మీంచి "ఏమ్మే, సంచి మరిసినావు" అని అరిచింది. దేవి వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు మళ్లీ వెళ్లింది. టీచర్ అది గమనించింది. సాయంత్రం పోయేముందు మా అందరినీ పిలిచి చెప్పింది. "మామ్మగారూ, మీ ఇంటి పద్ధతిని నేను కాదనటం లేదండీ. కానీ దేవమ్మ గేటు దాటాక మాత్రం ఎవ్వరూ వెనక నుంచి పిలవకండి. ఏం మరిచిపోయినా సరే, ఏం కనబడినా సరే. ఈ ఒక్కటీ చూసుకుంటే చాలండీ. వచ్చేవారం నుంచి నేను తనకి కనబడను, దాక్కుని చూస్తాను. నేను కనబడుతుంటే తను నన్ను చూస్తుంది గానీ రోడ్డుని చూడదు." నేను అప్పుడు కాఫీ తాగుతున్నాను. ప్రతి మాటా విన్నాను.

ఆ తర్వాతి వారం ఒక రోజు క్లాసులో కరెంటు లేక మమ్మల్ని ముందే పంపేశారు. బస్సు దిగి మా సందు వైపు నడుస్తున్నాను. ఎదురుగా దేవి వీపు కనిపించింది. ఒక్కతే. చేతిలో వైరుబుట్ట. రోడ్డు అంచున నిలబడి కుడిపక్క చూస్తోంది. చుట్టూ చూశాను, టీచర్ లేదు. ఇప్పుడు నిజం చెప్పాలి. నాకు ముందు భయం వేయలేదు. ముందు సంతోషం కలిగింది. దొరికింది, బిడ్డను రోడ్డు మీద వదిలి ఎక్కడికో పోయింది, ఇన్నాళ్లకు దొరికింది, అనుకున్నాను. భయం దాని వెనక వచ్చింది. అప్పటికి దేవి రోడ్డు దిగి సగం దాకా పోయింది, చక్కగా, తల ఎత్తుకుని, అక్కడ ఏ సాయమూ అక్కర్లేనట్టు. దూరంగా టిప్పర్ వస్తోంది, ఆమె నడక ఆపకపోతే అది వచ్చేలోపు అవతలికి చేరుకుంటుంది. నేను "దేవీ!" అని అరిచాను.

దేవి ఆగింది. వెనక్కి తిరిగింది. నన్ను చూసి, నేర్పినట్టుగా, వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టింది. రోడ్డు పక్క మురుగు కాలువ కోసం పేర్చిన సిమెంటు పైపుల చాటు నుంచి ఎస్తేరు టీచర్ ఒక్క దూకు దూకింది. దేవిని జబ్బ పట్టి లాగడంతో ఇద్దరూ కంకర మీద పడ్డారు. టిప్పర్ కీచుమని అడ్డంగా ఆగింది. దుమ్ము అణిగాక చూస్తే దేవి మోచేయి చీరుకుపోయింది, టీచర్ కళ్లజోడు పగిలి చెంప మీద రక్తం కారుతోంది. దేవి ఏడవలేదు. లేచి రోడ్డు పక్కకు వచ్చి, మట్టిలో మఠం వేసుకుని కూర్చుని, "నీళ్లు" అంది. యాదమ్మ అవతల నుంచి చెంబుతో పరుగెత్తుకొచ్చింది. "బెదిరింది పోరి. తాగు బిడ్డా, తాగు. ఏం గాలే, ఫికర్ జెయ్యకు." చుట్టూ చేరినవాళ్లంతా భయంతో గొంతు ఎండిందనుకున్నారు. అది భయం కాదని అక్కడ ఇద్దరికే తెలుసు, నాకూ టీచర్‌కీ. దేవి రెండు గుక్కలు తాగింది. చెంబు ఇచ్చేసింది. లేచి, బుట్ట తీసుకుని, మోచేయి నుంచి రక్తం కారుతుండగానే, మళ్లీ రోడ్డు అంచుకు పోయి కుడిపక్క చూసింది.

నేను పరుగెత్తి ఆమె చేయి పట్టుకున్నాను. టీచర్ ఇంకా నేల మీదే ఉంది. "వదిలెయ్యమ్మా సరళా, వెళ్లనివ్వు. నేను పక్కన ఉంటాను. ఇప్పుడు దాటకపోతే తను ఇంకెప్పుడూ దాటదు" అంది. బతిమాలుతున్నట్టు అంది. యాదమ్మ కూడా నా మొహంలోకి చూసి, "పోనియ్ బిడ్డా, నేనూ ఉన్న గదా" అంది. నేను వదల్లేదు. గుంజుకుంటున్నదాన్ని లాక్కుంటూ ఇంటికి తీసుకొచ్చాను. దారి పొడుగునా దేవి "ఉప్పు, ఉప్పు" అంటూనే ఉంది.

నాయన వచ్చేసరికి ఊరంతా చెప్పుకున్నారు. టీచర్ చెంపకు గుడ్డ అదుముకుని మా ముందు గదిలో నిలబడి ఉంది. "బిడ్డ రోడ్డు మీదుంటే నువ్వు యాడుండావమ్మా?" అన్నాడు నాయన. "పైపుల వెనక ఉన్నానండీ." "పైపుల యెనక దాంకుండను మా ఇంటికి రావాల్నా?" టీచర్ నా వైపు చూసింది. కోపంగా కాదు, ఎదురు చూస్తున్నట్టు, దేవి నాడా కట్టుకునేటప్పుడు ఓపికగా చూసేదే, అట్లా. అప్పుడు దేవి అంది, "అక్క పిలిచింది." నాయన నా వైపు తిరిగాడు. "పిలిచినావా?" అవ్వ వక్కాకు నమలడం ఆపింది. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను "లేదు" అన్నాను. దేవి మళ్లీ "పిలిచింది" అంది. "దానికేం తెలుసు, భయపడి ఏదో అంటాంది" అన్నాను నేను. టీచర్ అప్పుడు నోరు తెరిచింది. "సార్, దేవమ్మ అబద్ధం చెప్పదండీ. తనకి అది చేతకాదు." "అంటే నా పెద్దబిడ్డ చెప్తాందా?" అన్నాడు నాయన. టీచర్ సంచి తీసుకుని, వంగి దేవి తల నిమిరి, "నువ్వు చెప్పింది నిజమే తల్లీ" అని, మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అవ్వకు ఆ రాత్రి తృప్తిగా నిద్ర పట్టింది. ప్రపంచంలో ప్రతి ఒక్కరినీ అనుమానించిన ఆ ఇల్లు నన్నొక్కదాన్ని అనుమానించలేదు. అమ్మ ఒక్కతే కొన్నాళ్లపాటు నాకు ముద్ద కలిపి పెట్టడం మానేసింది, ఎందుకో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. దేవి వారం రోజులు కనబడిన వాళ్లందరికీ "అక్క పిలిచింది" అని చెప్పింది. విన్నవాళ్లు "అవునులేమ్మా" అని బుగ్గ గిల్లి పోయేవారు. తర్వాత మానేసింది. గేటు దాటడం కూడా మానేసింది. ఇప్పటికీ రోడ్డు దాటాలంటే నా చేయి పట్టుకుంటుంది. ఎడమ చేత్తో పట్టుకుని, తలవంచుకుని, ఏ పక్కా చూడకుండా వస్తుంది. ఆ రోడ్డు ఇప్పుడు ఎంత వెడల్పయిందంటే, నాకే దాటడానికి భయం.

స్వప్న వాళ్ల హాల్లో నేను మూడు శనివారాలు కూర్చున్నాను. ఆ కోచ్ అమ్మాయికి పాతికేళ్లుంటాయి, చేతిలో టాబ్లెట్, మెడలో గుర్తింపు కార్డు. అప్పుడు మాకు లేని హంగులన్నీ ఉన్నాయి. ఆమె చేసే పనికి పేరుంది, చదువుంది, గోడ మీద కెమెరా ఉంది. మూడో శనివారం ఆమె నిహాల్‌ని లిఫ్ట్‌లోకి ఒక్కడినే పంపి, తను మెట్ల మీదుగా కిందికి దిగి కనబడకుండా నిలబడింది. తెరిచి ఉన్న వాకిలిలోంచి లిఫ్ట్ తలుపు మూసుకోవడం కనిపిస్తుంటే నా నోట్లోకి వాడి పేరు వచ్చేసింది. నేను కుర్చీ చేతులు పట్టుకుని, పెదవులు బిగించి కూర్చున్నాను. ఐదు అంతస్తులు. వాడు కింద దిగి సంతోషంతో అరిచిన అరుపు పైదాకా వినబడింది. సాయంత్రం స్వప్న "ఎట్లుంది ఆంటీ, ఏమన్న అనుమానమా?" అని అడిగితే, "కెమెరా తీసెయ్యమ్మా. నన్నూ పిలవొద్దు" అని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి దేవి మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది. మూలకు మూల కలిపి, అరచేత్తో చదును చేసి. అమ్మా నాయనా పోయినప్పటి నుంచి ఆమె నా దగ్గరే ఉంటోంది. చెవుల పక్కన జుట్టు తెల్లబడింది. నేను ఎదురుగా కూర్చున్నాను. "దేవీ, ఆ పొద్దు రోడ్డు మీద నిన్ను పిలిచింది నేనే" అన్నాను. దేవి తల ఎత్తలేదు. "ఆ. పిలిచినావు" అంది, ఈ రోజు శనివారం అన్నట్టుగా. "నాయనకు లేదని చెప్పినాను." "ఆ. చెప్పినావు." దిండు గలీబు ఒకటి తీసుకుని దులిపింది. నేను ఏడుస్తున్నానని ఆమె గమనించిందో లేదో నాకు తెలియలేదు. కాసేపటికి ఆమే అడిగింది.

"టీచర్‌కి చెప్పినావా?"

"లేదు."

దేవి మడతపెట్టడం ఆపి, ఇన్నేళ్లుగా తనకు అర్థం కానిదేదో ఇప్పుడు అర్థమైనట్టు నా వైపు చూసింది.

"చెప్పు మరి. చెప్తే వస్తాది" అంది.